నిలువా, అడ్డమా

పేజీ తిరిగింది. ఫ్యాను గాలికి క్యాలెండరు రెపరెపలాడిన చప్పుడు కాదు, ఎవరో వేలితో తిప్పిన పేజీయే అది. దిండుకి గలేబు సగం తొడిగి, మిగతా సగం తొడగడానికి ధైర్యం చాలక మంచం అంచున కూర్చున్న ఆవిడ ఊపిరి వదిలింది, అది కూడా చప్పుడు కాకుండా. హాల్లో భోజనాల బల్ల దగ్గర పదిహేనేళ్ళ కూతురు జాగ్రఫీ చదువుతోంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ కాళ్ళావేళ్ళా పడకుండా చదువుతోంది. రేపే పరీక్ష. ఇంత మంచి మధ్యాహ్నం ఈ ఇంట్లోకి ఎలా వచ్చిందో గానీ, వచ్చినదాన్ని బెదరగొట్టకూడదని ఆవిడ మంచం మీద బొమ్మలా కూర్చుంది. చిక్కల్లా ఒక్కటే. ఈ ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూం, అది హాలుకి అవతల, భోజనాల బల్ల పక్కనుంచే పోవాలి. పోతానంటే ఎవరూ అడ్డం రారు. కానీ ఆవిడ అడుగు హాల్లో పడగానే ఆ పిల్ల తలెత్తుతుంది, తలెత్తిందా ఇక అంతే సంగతులు, దాహం వేస్తుంది, ఫ్రిజ్ తెరుస్తుంది, తెరిచాక ఆకలి గుర్తొస్తుంది, తిన్నాక జడ వదులైందని అద్దం దగ్గరికి పోతుంది, అద్దం దగ్గర ఫోను ఉంటుంది. అన్నం తిన్న వెంటనే ఆ రెండో కప్పు టీ ఎందుకు తాగానా అని ఆవిడ తనని తాను తిట్టుకుంది, తిట్టుకుని మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుంది.

తండ్రి ఆ పిల్లకి పెట్టిన పేరు జడ్జిగారు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఏ మాటనీ ఊరికే ఒప్పుకున్న పాపాన పోలేదు. పాలు తాగమంటే ఎందుకనేది, బలం వస్తుందంటే, తాగిన రోజూ తాగని రోజూ అదే కుర్చీని ఎత్తి చూపించి, ఏదీ బలం, అని నిలదీసేది. అప్పుడు ముద్దొచ్చేది, ఎత్తుకుని బుగ్గలు కొరకాలనిపించేది, ఆ బుగ్గలకి పాల వాసన ఉండేది, తాగనన్న పాలే ఎలా తాగేదో, తనేమని ఒప్పించేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తురాదు. వచ్చే ఏడాది నుంచి నాకు లెక్కలూ ఫిజిక్సే కదా, జాగ్రఫీ మొహం జన్మలో చూడను కదా, మరి ఇప్పుడెందుకు చదవాలి, అని అదే నోటితో అడుగుతుంటే మాత్రం ముద్దు రావడం లేదు. ఖాళీ చేసే అద్దె ఇంటికి ఎవరైనా రంగులు వేయిస్తారా అంది మొన్న. ఆ మాటకి, ఎదురు మాట్లాడకు అని అరిచింది ఆవిడ. అరిచాక, జవాబు లేనప్పుడే పెద్దవాళ్ళు ఆ మాట అంటారని తనకీ తెలుసు కాబట్టి, వంటింట్లోకి పోయి ఉన్న గిన్నెలే మళ్ళీ కడిగింది. క్లాసు టీచరు బడికి పిలిపించి నెమ్మదిగానే చెప్పింది, లెక్కల్లో మీ అమ్మాయిని మించినవాళ్ళు లేరండీ, కానీ జాగ్రఫీ తప్పితే లెక్కల గ్రూపులో సీటివ్వరు, మళ్ళీ ఏడాదంతా ఇదే క్లాసులో కూర్చోవాలి, అని. అంటే ఏ సబ్జెక్టుని వదిలెయ్యాలని చూస్తోందో అదే పిల్లని వదలకుండా పట్టుకు కూర్చుంటుందన్నమాట. పోయినసారి పరీక్షలో ప్రపంచ పటం ఇచ్చి గుర్తులు పెట్టమంటే, దాన్ని ముట్టుకోకుండా మూలన చిన్న అక్షరాలతో ఛాయిస్‌లో వదిలేశాను అని రాసి ఇచ్చిందట. ప్రపంచాన్నే ఛాయిస్‌లో వదిలేసిన పిల్ల అని టీచర్లందరూ నవ్వుకున్నారట. టీచరు అది చెబుతూ మళ్ళీ నవ్వింది, ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు.

ఎన్ని చేసిందని. జుట్టుకి రంగు వేయించుకుంటానంటే ససేమిరా అన్న మనిషి, జాగ్రఫీ పాసైతే వేయించుకో అంది. వద్దులే, ఆ మోజు పోయింది, అంది జడ్జిగారు. పిల్ల ఫోనుతో పాటు పొరపాటున తన ఫోను కూడా బీరువాలో పెట్టి తాళం వేసింది, ఆ పూటే తను పనిచేసే ఆస్పత్రి నుంచి వచ్చిన ఫోను ఆ బీరువాలోనే మోగింది, తాళంచెవి కోసం ఇల్లంతా వెతికి తల ప్రాణం తోకకొచ్చింది. పిన్ని కూతుర్ని చూడు అంది, ఆ మాట నోట్లోంచి వచ్చీరాకముందే నాలిక కరుచుకుంది. నేర్చుకున్నది ఎప్పుడూ వృథా పోదు, ఎక్కడో ఓచోట పనికొస్తుంది, అని మెత్తగా కూడా చెప్పి చూసింది. నువ్వు అగ్నిపర్వతాన్ని ఆఖరిసారి ఎప్పుడు వాడావమ్మా, అని అంతకంటే మెత్తగా అడిగింది ఆ పిల్ల. నిజమే, ఎప్పుడు వాడింది. పెళ్ళిలో వాడలేదు, పురిట్లో వాడలేదు, ఇంటి అప్పు కాగితాల మీద సంతకాలు పెట్టినప్పుడు వాడలేదు. అయినా అగ్నిపర్వతాలు ఆవిడకి ఇంకా వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, లావా ఎర్రగా పెన్సిలుతో దిద్దిన బొమ్మ ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఆ పెన్సిలు ఎవరిది, పక్క బెంచీ పిల్లది, తిరిగి ఇచ్చిందో లేదో. మొగుడు మాత్రం మొదటినుంచీ ఒకటే మాట, వదిలెయ్. లిఫ్టులు బాగుచేసే మనిషి, తాడు వదిలితే ఏమవుతుందో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు, ఇంటికొస్తే మాత్రం దేన్నైనా వదిలెయ్ అంటాడు. నువ్వు పిల్లనే వదిలేసేలా ఉన్నావు అని ఒకరోజు ఒంటికాలి మీద లేచింది. అతను చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ కూర్చున్నాడు, ఆ గ్రీజు వాసన కోపంలో కూడా ఆవిడకి ఇష్టమే.

మళ్ళీ పేజీ. కాదు, ఇది వెనక్కి తిప్పిన పేజీ. ముందుకి తిప్పితే ఒక చప్పుడు, వెనక్కి తిప్పితే ఒక చప్పుడు, వెనక్కి తిప్పేవాళ్ళు ఏదో వెతుకుతున్నవాళ్ళు. చెవులతో బతికే మనిషి కదా, ఇంతమాత్రం తెలియకపోతే ఎలా. ఆస్పత్రిలో ఆవిడ పని చెవి పరీక్షలు చెయ్యడం. వచ్చినవాళ్ళని చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో మీట ఇచ్చి, వినిపించినప్పుడల్లా నొక్కండి అని చెప్పి, అద్దానికి ఇవతల కూర్చుని సన్నని కూతలు పంపిస్తుంది. చాలామంది నిజాయితీగానే నొక్కుతారు. కొందరు మాత్రం చప్పుడు పంపకపోయినా నొక్కుతారు. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన అలా వరసపెట్టి నొక్కుతుంటే, ఏం వినిపించింది బాబాయిగారూ అని అడిగింది. ఏమీ వినిపించలేదమ్మా, ఇంతసేపు కూర్చున్నావు కదా, నిన్ను నిరాశపెట్టడం ఎందుకని, అన్నాడాయన. ఇంకొందరు కూత వినరు, ఆవిడ మొహం చూస్తారు. కనుబొమ్మ కాస్త కదిలితే చాలు, నొక్కేస్తారు. అందుకే ఈ పనిలో మొదట నేర్పేది పక్కకి తిరిగి కూర్చోవడం. ఆస్పత్రిలో ఇన్నేళ్ళనుంచీ పక్కకి తిరిగి కూర్చునే మనిషి ఇంట్లో మాత్రం ఎదురుగా నిలబడింది, నడుం మీద చెయ్యేసుకుని, చదివావా, చదివావా అని. ఊ, అనేది ఆ పిల్ల. వినపడకుండా నొక్కిన మీట లాంటి ఊ. పుస్తకం చూసి అన్న ఊ కాదు, అమ్మ మొహం చూసి అన్నది. ఇన్నాళ్ళూ అది చదివింది పాఠాన్ని కాదు, నన్ను, అనుకుంది ఆవిడ. ఆ సంగతి ఈ మంచం మీద, ఈ అవస్థలో తోచింది. నా మొహంలో అంత చదవడానికి ఏముంటుంది, కోపం, భయం, ఎక్కువగా భయమే, వెనకబడిపోతుందేమోనని, దాని ఈడు పిల్లలందరూ ముందుకెళ్ళి అదొక్కతే అదే బెంచీలో మిగిలిపోతుందేమోనని. అది చదవాల్సిన పాఠాలు చాలవన్నట్టు ఇదొకటి.

అసలు ఇవాళ జరిగింది తలుచుకుంటే నవ్వొస్తోంది. నవ్వితే ప్రమాదం, నవ్వడానికీ బాత్రూంకీ దగ్గర చుట్టరికం, అందుకని పెదవి కొరుక్కుంది. అన్నాలు అయ్యాక ఇక ఆఖరి ప్రయత్నం అనుకుని, పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, చూడకుండా ప్రశ్నలు అడుగుతానంది. పుస్తకంతో నాకు పనేముంది, చిన్నప్పుడు క్లాసులో నేనే మొదటిదాన్ని, అని కూడా అంది. అడుగు, అంది జడ్జిగారు, కుర్చీలో ఆవులిస్తూ.

"అక్షాంశాలు ఎలా ఉంటాయి?"

"అడ్డంగా."

"తప్పు. నిలువుగా."

ఆ పిల్ల ఆవులింత సగంలో ఆపి చూసింది. అడ్డంగానే అమ్మా, అంది. ఆవిడ తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది, తన దగ్గర న్యాయం ఉంది. అక్షం అంటే ఏమిటి, భూమికి పైనుంచి కిందికి గుచ్చిన ఇరుసు. ఇరుసు నిలువుగా ఉంటే దాని పేరు పెట్టుకున్న అంశాలు అడ్డంగా ఎలా ఉంటాయి. సరే, భూమధ్యరేఖ ఎలా ఉంటుంది, అడ్డంగా. అది రేఖా కాదా, రేఖే, పేరులోనే ఉంది. మరి రేఖ అడ్డంగా ఉంటే రేఖాంశాలు నిలువుగా ఎందుకుంటాయి. చెయ్యి చాపి అరచేతిలో రేఖలు కూడా చూపించింది, ఇవి మాత్రం అడ్డం కాదా అని. జడ్జిగారు నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఇన్నేళ్ళలో ఆ పిల్లకి ఎదురు మాట దొరకని క్షణం అదొక్కటే. అడ్డంగానే ఉంటాయని దానికి తెలుసు, గట్టిగా తెలుసు, కానీ ఎందుకుంటాయో తెలియదు, తెలియకుండా తెలియడమంటే దానికి ఒళ్ళు మంట.

"ఉండు," అంది చివరికి. "ఆ పుస్తకం ఇలా ఇవ్వు. నువ్వు తప్పని ఇప్పుడే చూపిస్తాను."

చూపించు, నాకేం భయమా, అని పుస్తకం బల్ల మీద పడేసి, విసురుగా గదిలోకి వచ్చేసింది ఆవిడ. వచ్చి, ఉతికిన బట్టలు మడతపెడుతూ, గలేబు చేతికందుకుంటూ, ఆ దిండుని అటూ ఇటూ తిప్పుతుంటే తన చిన్నప్పటి బడిలో ఉండే గ్లోబు గుర్తొచ్చింది. ఒకవైపు సొట్టపోయి, సముద్రం ఉండాల్సిన చోట గుంట ఉండేది. పంతులమ్మ దాన్ని గిర్రున తిప్పి వేలితో ఆపేది, ఆ వేలికి ఎప్పుడూ సుద్ద ఉండేది, తిరిగిన చోటల్లా తెల్లటి గీత పడేది. ఆ గీతలు అడ్డంగా పడేవి. గ్లోబు తిరిగేకొద్దీ అడ్డంగా. అక్షాంశాలు ఇవీ, అనేది పంతులమ్మ. అడ్డంగా. అయ్యో రామా, అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది ఆవిడ. తప్పు చెప్పింది. ఒట్టి తప్పు కాదు, రుజువులతో సహా చెప్పింది. లేచి వెళ్ళి ఒప్పుకుందామని ఒక కాలు కింద పెట్టింది కూడా. అప్పుడే వినిపించింది మొదటి పేజీ. ఆ తర్వాత రెండోది. పెట్టిన కాలు మెల్లగా పైకి తీసుకుంది. ఓడిపోయినందుకు ఇంత హాయిగా ఉంటుందని ఆవిడకి ఇంతవరకూ తెలియదు. నన్ను ఓడించడానికే చదవనీ, నన్ను చీల్చి చెండాడటానికే చదవనీ, తల్లి మీద పంతంతోనైనా సరే ఆ పుస్తకం తెరుచుకుని ఉండనీ, ఎండ ఇంకా కిటికీ దిగలేదు, చాలా మధ్యాహ్నం మిగిలే ఉంది.

టక్కుమంది ఏదో. ఆవిడ మెడ నిక్కింది. రేకు డబ్బా మూత తెరుచుకున్న చప్పుడు. జామెట్రీ బాక్సు. ఆ చప్పుడు ఆవిడకి వెయ్యి చప్పుళ్ళలోనైనా తెలుస్తుంది, ఈ ఇంట్లో గొడవైన ప్రతి సాయంత్రం చివరికి ఆ డబ్బాయే తెరుచుకుంటుంది. జాగ్రఫీ పుస్తకం కింద లెక్కల పుస్తకం పెట్టుకుని, అమ్మ అటు తిరగ్గానే వృత్తాలూ కోణాలూ వేసుకుంటుంది ఆ పిల్ల, ఆకలేసినవాళ్ళు అన్నం దగ్గరికి పోయినట్టు పోతుంది. అయిపోయింది. వెతికింది, దొరకలేదు, విసుగొచ్చింది, లెక్కల్లోకి జారుకుంది. పెన్సిలు గీసిన చప్పుడు కూడా వస్తోంది, గుండ్రంగా, కంపాసు ముల్లు బల్లకి గుచ్చుకుంటున్నట్టు. కొత్త బల్ల, ముల్లు గుచ్చకే అని ఎన్నిసార్లు చెప్పింది. బల్ల పోతే పోయింది. ఇప్పుడు వెళ్ళాలా, వెళ్ళి ఆ డబ్బా లాక్కోవాలా. లాక్కుంటే ఏమవుతుందో తెలుసు, నిన్నా మొన్నా అయిందే అవుతుంది, తలుపు దభీమంటుంది, రాత్రి భోజనాల దగ్గర చెంచాలు తప్ప ఎవరూ మాట్లాడరు. లాక్కోకపోతే రేపు. రేపు తెల్ల కాగితం. ఆ తర్వాత ఏడాది పొడుగునా అదే గది, అవే పాఠాలు, చిన్న పిల్లల మధ్య పొడుగ్గా దాని తల. ఆవిడ చెయ్యి తలుపు దాకా వెళ్ళింది, ఎప్పుడు లేచిందో తనకే తెలియదు, దిండు మాత్రం ఇంకా చంకలోనే ఉంది.

మంచం మీద ఫోను వణికింది. ఉలిక్కిపడి వెనక్కొచ్చి దాన్ని దిండు కింద కుక్కి, దానిమీద తానే కూర్చుంది, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో. తర్వాత మెల్లగా తీసి చూసింది. మొగుడు. ఏదో మేడలో లిఫ్టు గుంతలో కూర్చుని పంపించాడు, చదువుతోందా అని. ఇన్నాళ్ళూ వదిలెయ్ వదిలెయ్ అన్న మనిషి, పని మధ్యలో అడుగుతున్నాడు. అంటే అతనూ వదల్లేదు. ఆవిడకి ఒక్కసారిగా ఆ మనిషి మీద ఎంతో ప్రేమ పొంగుకొచ్చింది, దాంతోపాటు కోపం కూడా, ముందే చెప్పొచ్చు కదా, నాకూ భయంగానే ఉందని. ఏమో, లెక్కలు చేసుకుంటున్నట్టుంది, అని రాసింది. నువ్వెక్కడున్నావు, అని వచ్చింది. గదిలో ఇరుక్కున్నాను, అని రాసింది. ఇరుక్కున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, తలుపు లాగొద్దు, అని వచ్చింది, పక్కన నవ్వుతున్న బొమ్మతో. ఆవిడ తలుపు వైపు చూసింది. లాగలేదు. పక్కకి తిరిగి, గోడకేసి మొహం పెట్టుకుని కూర్చుంది, ఉద్యోగంలో కూర్చున్నట్టు. చదివితే చదువుతుంది, లేకపోతే లేదు, ఎటైనా అది నా మొహం చూసి కాకూడదు. చెయ్యాల్సినవన్నీ చేసింది, చెయ్యకూడనివి కూడా చేసింది, ఇక మిగిలింది ఇదొక్కటే. అలా అనుకోగానే భుజాల మీద ఎన్నాళ్ళనుంచో ఉన్న బరువేదో కిందికి దిగినట్టైంది. అసలు ఈ గోడకి ఇంత పెద్ద పగులు ఎప్పుడు వచ్చింది, ఇదీ నిలువుగానే ఉంది, నిలువా అడ్డమా అంటే కాస్త ఏటవాలు.

"అమ్మా!"

హాల్లోంచే పిలుపు. ఆవిడ పలకలేదు.

"నిద్రపోవట్లేదని నాకు తెలుసు. ఇలా రా."

వెళ్ళింది. బల్ల మీద జాగ్రఫీ పుస్తకమే ఉంది, కింద ఇంకేమీ లేదు, ఒంగి చూడకూడదనుకుంటూనే ఒంగి చూసింది. పక్కన కాగితం మీద పెద్ద వృత్తం, వృత్తం మధ్యనుంచి అంచుకి గీసిన గీతలు, గీతల మధ్య కోణమానినితో కొలిచి రాసిన కోణాలు. జడ్జిగారు పెన్సిలుతో ఆ వృత్తం నడిమధ్యన పొడిచి చూపించింది. అక్షాంశం అనేది గీత పేరు కాదు, కోణం పేరు. అంశ అంటే డిగ్రీ. భూమి మధ్యలో కూర్చుని భూమధ్యరేఖ నుంచి పైకి ఎంత తలెత్తి చూడాలో అంత కోణం. ఒకే కోణం ఉన్న చోట్లన్నీ కలిపితే వచ్చే గీత అడ్డంగా వస్తుంది. అంతే. ఈ మాట ముందే చెప్పి చావచ్చు కదా ఈ పుస్తకం, ఇన్ని పేజీల తర్వాత మూలన ఎక్కడో రాశారు, అని పుస్తకాన్ని కూడా తిట్టింది. చెబుతున్నంతసేపూ అది ఆవిడ మొహం వైపు చూడనే లేదు, తన బొమ్మనే చూసుకుంటోంది.

"కాబట్టి నేను చెప్పిందే కరెక్టు," అంది. కొంచెం ఆగింది. ఆగడం దానికి అలవాటు లేని పని. "కానీ నువ్వడిగింది కూడా మంచి ప్రశ్నేలే."

ఆవిడ ఏదో అనబోయి, ఊ, అంది. అని, ఇక ఆగలేక గబగబా బాత్రూంలోకి దూరి తలుపేసుకుంది. పని అయ్యాక కూడా బయటికి రాలేదు. నవ్వో ఏడుపో తెలియనిదేదో ముంచుకొచ్చింది, అది బయటికి వినపడకూడదని కుళాయి పూర్తిగా తిప్పింది, బకెట్లోకి నీళ్ళు ధారగా పడుతుంటే గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కడుపు నొప్పెట్టేదాకా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. తలుపు అవతల్నుంచి విసుక్కుంటున్న గొంతు వినిపించింది.

"అమ్మా, ఆ నీళ్ళు కట్టెయ్. ఇక్కడ మనుషులు చదువుకుంటున్నారు."

ఆవిడ వెంటనే కట్టేసింది.